ఇల్లు కట్టినవారే ఒక గదిలో సర్దుకున్న వైనం: వాటర్లూ లూథరన్ సెమినరీ చరిత్ర

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాటర్లూ అనే ఊరుంది. కంప్యూటర్ సైన్స్ చదవడానికి వెళ్లే తెలుగు విద్యార్థులకు బాగా తెలిసిన పేరే. అక్కడ రెండు విశ్వవిద్యాలయాలు దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. పెద్దది యూనివర్సిటీ ఆఫ్ వాటర్లూ, రెండోది విల్‌ఫ్రిడ్ లారియర్ యూనివర్సిటీ. లారియర్ ఆవరణలోనే, ఆల్బర్ట్ స్ట్రీట్, బ్రికర్ అవెన్యూ కలిసే మూల దగ్గర, చిన్న ప్రార్థనాలయంతో కూడిన ఒక భవనం కనిపిస్తుంది. దాని పేరు ఇప్పుడు మార్టిన్ లూథర్ యూనివర్సిటీ కాలేజ్. 2018 వరకు వాటర్లూ లూథరన్ సెమినరీ అనేవారు. సెమినరీ అంటే పాస్టర్లను తయారుచేసే వేదాంత పాఠశాల.

కొత్తగా చేరిన విద్యార్థి దాన్ని చూసి, విశ్వవిద్యాలయం వాళ్లు చర్చికి ఎప్పుడో కాస్త చోటు ఇచ్చి ఉంటారనుకుంటాడు. జరిగింది అందుకు పూర్తిగా తలకిందులు. ముందు సెమినరీ వచ్చింది. దాని స్థలంలో, దాని చార్టర్ (సంస్థకు అధికారం ఇచ్చే చట్టపత్రం) కింద ఒక బడి, ఆ బడి పైన ఒక కాలేజీ, కాలేజీ నుంచి ఒకటి కాదు, రెండు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. పిల్లలు పెరిగేకొద్దీ తల్లికి మిగిలిన చోటు తగ్గుతూ వచ్చింది. ఎవరో కుట్ర చేసి తగ్గించలేదు. డిగ్రీ పట్టా మీద సంతకం ఎవరిది, పాఠం చెప్పేవారి జీతం ఎవరి ఖజానా నుంచి వస్తుంది అన్న రెండు ప్రశ్నలకు ఒంటారియోలో కాలాన్నిబట్టి దొరికిన జవాబులే ఈ చరిత్రను నడిపాయి. విశ్వాసం, వేదాంతం, భాష లాంటివి కూడా కథలో ఉన్నాయి గానీ, మలుపు వచ్చిన ప్రతిచోటా నిర్ణయం ఈ రెండు ప్రశ్నల దగ్గరే తేలింది.

1911: ఊరివాళ్లు భూమి ఇచ్చారు

వాటర్లూ కౌంటీ జర్మన్ మాట్లాడే జనంతో ఎదిగిన ప్రాంతం. మొదట పెన్సిల్వేనియా నుంచి మెనొనైట్లు, తర్వాత నేరుగా జర్మనీ నుంచి లూథరన్లు, కాథలిక్కులు వచ్చారు. పక్క ఊరి పేరే బెర్లిన్. లూథరన్ సంఘాలు లేచాయి గానీ వాటికి పాస్టర్లు కావాలంటే సముద్రం అవతలికో, సరిహద్దు అవతలికో చూడాలి. జర్మనీ ఉత్తరాన ఉన్న క్రోప్ సెమినరీ ప్రత్యేకంగా అమెరికా ఖండానికి పాస్టర్లను తయారుచేసి పంపేది. ఇంకొందరు ఫిలడెల్ఫియాలో చదివి వచ్చేవారు.

ఈ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. జర్మనీ నుంచి వచ్చినాయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం. సంఘంలో పిల్లల తరం అప్పటికే ఇంగ్లీషులోకి జారుతోంది. అమెరికాలో చదవడానికి వెళ్లిన కుర్రవాడు చాలాసార్లు అక్కడే ఏదో సంఘం పిలిస్తే ఉండిపోయేవాడు. కాబట్టి కెనడాలోనే సెమినరీ ఉండాలన్న ఆలోచన వచ్చింది. జర్మన్ వాతావరణం ఎక్కువగా ఉన్న కెనడా సినడ్, ఇంగ్లీషు సంఘాలతో కొత్తగా ఏర్పడిన సెంట్రల్ కెనడా సినడ్ కలిసి ఈ పని తలకెత్తుకున్నాయి. సినడ్ అంటే ఒక ప్రాంతంలోని లూథరన్ సంఘాల పాలక సభ. పాస్టర్లను నియమించే అధికారం, సంఘాల నుంచి చందాలు వసూలు చేసే బాధ్యత రెండూ దానివే.

మొదట అనుకున్న చోటు టొరంటో. వాటర్లూ వాసులు భూమి ఇస్తామని ముందుకు రావడంతో నిర్ణయం మారింది. 1911 అక్టోబర్ 30న ఎవాంజెలికల్ లూథరన్ సెమినరీ ఆఫ్ కెనడా తెరుచుకుంది. టొరంటోలోనే పెట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించవచ్చు. అక్కడ అప్పటికే పెద్ద విశ్వవిద్యాలయం ఉంది, చర్చి కాలేజీలు దాని చుట్టూ చేరి ఉన్నాయి. లూథరన్లది ఆ వరసలో ఇంకొకటి అయ్యేది. వాటర్లూలో పై చదువు చెప్పే సంస్థ వేరే లేదు. ఆ ఖాళీయే తర్వాతి కథకంతటికీ కారణం.

ఇక్కడ ఒక చిన్న విశేషం. సెమినరీ తెరవడానికి నెల పైచిలుకు ముందు, 1911 సెప్టెంబర్ ఎన్నికల్లో ప్రధాని విల్‌ఫ్రిడ్ లారియర్ ఓడిపోయి గద్దె దిగాడు. బెర్లిన్‌లో పుట్టిన, తర్వాతి కాలంలో ప్రధాని అయిన మెకంజీ కింగ్ కూడా ఆ ఎన్నికల్లోనే వాటర్లూ నార్త్ స్థానం పోగొట్టుకున్నాడు. కాథలిక్కు, ఫ్రెంచి మాతృభాషగా కలవాడు అయిన లారియర్ పేరు 62 ఏళ్ల తర్వాత ఈ లూథరన్ సంస్థకు వచ్చి తగులుకుంటుందని ఆనాడు ఎవరికీ తట్టి ఉండదు.

మన గోదావరి ఒడ్డుతో ఒక బంధం

ఈ సెమినరీకి తెలుగునేలతో దూరపు చుట్టరికం ఉంది. అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జులై 31న గుంటూరు చేరి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ సంగతి కోస్తా జిల్లాలవారికి తెలిసిందే. 1860లలో అమెరికా లూథరన్లలో చీలిక వచ్చి, 1867లో జనరల్ కౌన్సిల్ అనే కొత్త కూటమి ఏర్పడింది. గుంటూరు పాత జనరల్ సినడ్ చేతిలో ఉండిపోయింది. రాజమండ్రి మిషన్‌ను ఆంగ్లికన్ల చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించే మాట వచ్చినప్పుడు, ముసలితనంలో ఉన్న హయ్యర్ 1869లో మళ్లీ ఓడెక్కి వచ్చి అడ్డుపడ్డాడు. ఆపైన రాజమండ్రి జనరల్ కౌన్సిల్ పోషణలోకి వచ్చింది. కెనడా సినడ్ ఆ జనరల్ కౌన్సిల్‌లో సభ్యురాలు. అంటే వాటర్లూ సెమినరీని స్థాపించిన సభ, రాజమండ్రి మిషన్‌ను పోషించిన కూటమి ఒకే గొడుగు కింద ఉండేవి. 1918లో చీలికలు మళ్లీ కలిసి యునైటెడ్ లూథరన్ చర్చి ఏర్పడింది. గుంటూరు, రాజమండ్రి మిషన్లు కలిసి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి అయ్యాయి.

రాజమండ్రిలో లూథర్‌గిరి వేదాంత పాఠశాల, గుంటూరులో ఏ.సి. కాలేజీ వేర్వేరు సంస్థలుగా ఉండిపోయాయి. పాస్టర్ల చదువు ఒక ఊళ్లో, లోకపు చదువు ఇంకో ఊళ్లో. వాటర్లూలో రెండూ ఒకే స్థలంలో మొదలయ్యాయి. పెద్ద తేడా అక్కడే ఉంది.

చదువు చాలని విద్యార్థి

సెమినరీలో చేరాలంటే గ్రీకు మొదలుపెట్టగల స్థాయి ఉండాలి, చరిత్ర, తర్కం కొంత వచ్చి ఉండాలి. పల్లె సంఘాల నుంచి వచ్చే కుర్రాళ్లకు హైస్కూలు చదువు కూడా పూర్తిగా ఉండేది కాదు. వేదాంతానికి ముందు మెట్లు కట్టాల్సి వచ్చింది. 1914లో వాటర్లూ కాలేజ్ స్కూల్ పేరుతో వేదాంతేతర పాఠాలు మొదలుపెట్టారు. ఇది పాస్టరు కావాలనుకునేవారికి సన్నాహక బడి.

అదే ఏడు యుద్ధం వచ్చింది. జర్మన్ పేరున్న ప్రతిదాని మీదా అనుమానం. 1916 మార్చిలో బెర్లిన్‌లోని లూథరన్ పాస్టరు టాపర్ట్‌ను 118వ బెటాలియన్ సైనికులు ఇంట్లోంచి ఈడ్చుకొచ్చి కొట్టారు. మే నెలలో ఊరి పేరు మార్చాలా వద్దా అన్న ఓటింగులో 81 ఓట్ల తేడాతో మార్చాలన్నవారు గెలిచారు. సెప్టెంబర్ 1 నుంచి బెర్లిన్ కాస్తా కిచెనర్ అయింది. ఇలాంటి గాలిలో ఐదేళ్ల వయసున్న లూథరన్ సెమినరీ నిలదొక్కుకోవడమే గొప్ప. యుద్ధం తర్వాత జర్మనీ నుంచి పాస్టర్లను తెప్పించుకోవడం మునుపటంత సులువు కాలేదు. బోధనలో ఇంగ్లీషు వాటా పెరగక తప్పలేదు.

1924లో ఇంకో మెట్టు. డిగ్రీ స్థాయి ఆర్ట్స్ పాఠాలతో వాటర్లూ కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్ మొదలైంది. మరుసటి ఏడు, 1925లో, అది లండన్ పట్టణంలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయానికి అనుబంధ కాలేజీ అయింది. ఇది ఒంటారియోలోని లండన్, థేమ్స్ ఒడ్డుదే గానీ ఇంగ్లండుది కాదు.

అనుబంధం అంటే ఏమిటో తెలుగువారికి విడమర్చి చెప్పనక్కర్లేదు. ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీ, పట్టా మీద జె.ఎన్.టి.యు. ముద్ర. పాఠం ఇక్కడ, సిలబస్, పరీక్ష ప్రమాణం, డిగ్రీ అక్కడ. చిన్న సంస్థకు ఇది దగ్గరి దారి. డిగ్రీ ఇచ్చే అధికారం కోసం శాసనసభ చుట్టూ తిరగక్కర్లేదు, మొదటి రోజు నుంచే పట్టాకు విలువ ఉంటుంది. ఖరీదు కూడా ఉంది. కొత్త కోర్సు పెట్టాలంటే దూరంగా ఉన్న సెనేటు ఒప్పుకోవాలి, అధ్యాపకుల అర్హతల మీద వాళ్ల మాట చెల్లాలి.

సెమినరీకి మాత్రం ఈ అనుబంధంతో పనిలేదు. పాస్టరుకు అభిషేకం ఇచ్చేది సినడ్. అతనికి విశ్వవిద్యాలయం పట్టా కంటే సినడ్ పరీక్షా సంఘం అంగీకారం ముఖ్యం. ఆ విధంగా ఒకే స్థలంలో రెండు పొయ్యిలు వెలిగాయి. కాలేజీ లండన్ వైపు, సెమినరీ సినడ్ వైపు చూసేవి. ఇద్దరికీ యాజమాన్యం ఒకటే, బోర్డు ఒకటే, అప్పులూ ఒకటే. పాస్టరు కావాలనే ఉద్దేశం లేని పిల్లలు, ఇతర చర్చిల పిల్లలు కాలేజీలోకి రాసాగారు. సెమినరీ కోసం కట్టిన మెట్లు సెమినరీ దాకా రానివారికే ఎక్కువగా ఉపయోగపడ్డాయి.

ఖజానా తలుపు ఎందుకు మూసుకుంది

ఒంటారియో చరిత్రలో 1868 పెద్ద గుర్తు. ఆ ఏడు ప్రభుత్వం చర్చి కాలేజీలకు ఇస్తున్న వార్షిక గ్రాంటును ఆపేసింది. అప్పటినుంచి చర్చి యాజమాన్యంలో ఉన్న కాలేజీకి ఖజానా డబ్బు ఇవ్వకూడదన్నది రాష్ట్రంలో పాతుకుపోయిన విధానం. దాన్ని తట్టుకోవడానికి చర్చిలు రెండు దారులు పట్టాయి.

మొదటిది సమాఖ్య. 1887 చట్టంతో టొరంటో విశ్వవిద్యాలయం ఈ ఏర్పాటు చేసింది. చర్చి కాలేజీకి సొంత డిగ్రీ అధికారం ఉంటుంది, కానీ సమాఖ్యలో ఉన్నంతకాలం వేదాంతం తప్ప మిగతా విషయాల్లో దాన్ని వాడదు. సైన్సు లాంటి ఖరీదైన పాఠాలు విశ్వవిద్యాలయం చెబుతుంది, భాషా సాహిత్యాలు, నీతిశాస్త్రం లాంటివి కాలేజీ చెబుతుంది, ఆర్ట్స్ పట్టా విశ్వవిద్యాలయానిది. మెథడిస్టుల విక్టోరియా, ఆంగ్లికన్ల ట్రినిటీ, కాథలిక్కుల సెయింట్ మైకేల్స్ ఇలాగే చేరాయి. అనుబంధానికీ దీనికీ తేడా ఆ దాచిపెట్టిన అధికారంలో ఉంది. అనుబంధ కాలేజీకి బయటికి వస్తే చేతిలో ఏమీ ఉండదు. సమాఖ్య కాలేజీ బయటికి వస్తే తన అధికారం తనకు ఉంటుంది.

రెండో దారి చర్చి తప్పుకోవడం. బాప్టిస్టులు స్థాపించిన మెక్‌మాస్టర్ 1957లో చర్చి యాజమాన్యం నుంచి బయటికొచ్చింది. వాటర్లూ ఈ రెండు దారుల్నీ ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించింది. మొదటిది మధ్యలో విరిగింది, రెండోది పదమూడేళ్ల తర్వాత గమ్యం చేరింది.

చేయి జారిన విశ్వవిద్యాలయం

1953లో జెరాల్డ్ హేగీ వాటర్లూ కాలేజీ అధ్యక్షుడయ్యాడు. పాస్టరు కాదు. బి.ఎఫ్. గుడ్రిచ్ టైర్ల కంపెనీలో ప్రచార విభాగంలో పనిచేసిన వ్యక్తి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన పిల్లలు కొన్నేళ్లలో కాలేజీ వయసుకు రాబోతున్నారు, ఫ్యాక్టరీలకు ఇంజనీర్లు చాలడం లేదు. చర్చి చందాలతో ప్రయోగశాలలు కట్టడం జరిగే పని కాదు. హేగీ, గుడ్రిచ్ కెనడా అధిపతి ఐరా నీడిల్స్ కలిసి ఒక ఉపాయం చేశారు. కాలేజీ పక్కనే, చర్చికి సంబంధం లేని వేరే బోర్డుతో 1956లో వాటర్లూ కాలేజ్ అసోసియేట్ ఫ్యాకల్టీస్ అనే సంస్థ పెట్టారు. చర్చి అధీనంలో లేదు కాబట్టి దీనికి ప్రభుత్వ గ్రాంటు రావచ్చు. చదువు, ఫ్యాక్టరీ పని వంతులవారీగా సాగే కో-ఆప్ పద్ధతి దీని ప్రత్యేకత. 1957 జులైలో 74 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో, లూథరన్ కాలేజీ ఆవరణలో వేసిన తాత్కాలిక షెడ్లలో పాఠాలు మొదలయ్యాయి. ఈనాడు ప్రపంచమంతా పేరున్న యూనివర్సిటీ ఆఫ్ వాటర్లూ పుట్టుక ఇదే.

అనుకున్న చివరి రూపం టొరంటో లాంటిదే. నడుమ చర్చితో పనిలేని విశ్వవిద్యాలయం, దాని చుట్టూ సమాఖ్య కాలేజీలుగా లూథరన్ల వాటర్లూ కాలేజీ, కాథలిక్కుల సెయింట్ జెరోమ్స్. ఆర్ట్స్ పాఠాలు వాటర్లూ కాలేజీవి, సైన్సు, ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయానివి. 1958 జనవరిలో అసోసియేట్ ఫ్యాకల్టీస్ కాలేజీకి పడమట 74 హెక్టార్లకు పైగా, అంటే 180 ఎకరాలు దాటిన భూమి కొన్నది. అక్కడ పగులు మొదలైంది. పక్కనే షెడ్లలో ఉన్నంతకాలం పెత్తనం కాలేజీదే అనిపించేది. సొంత భూమి, సొంత బోర్డు, ప్రభుత్వ డబ్బు చేరాక ఎవరు ఎవరికి అనుబంధమో తేల్చుకోవాల్సి వచ్చింది.

1959 మార్చిలో శాసనసభ యూనివర్సిటీ ఆఫ్ వాటర్లూకు చార్టర్ ఇచ్చింది. హేగీ అటు వెళ్లి దాని తొలి అధ్యక్షుడయ్యాడు. సమాఖ్యలో చేరాలా వద్దా అన్నది లూథరన్ల ముందు మిగిలింది. ఆర్ట్స్ పాఠాలన్నీ మన కాలేజీయే చెబుతుందన్న హామీ గట్టిగా ఉంటుందా? కొత్త విశ్వవిద్యాలయం సొంత ఆర్ట్స్ విభాగం పెట్టుకుంటే మన గతేమిటి? క్రైస్తవ వాతావరణంలో లోకపు చదువు చెప్పాలన్న మొదటి సంకల్పం సంగతేమిటి? చివరికి చేరకూడదనే తేల్చారు. విశ్వవిద్యాలయం 1960లో ఆర్ట్స్ విభాగం తెరిచింది, కాలేజీ అధ్యాపకులు కొందరు అటు వెళ్లారు. సెయింట్ జెరోమ్స్ మాత్రం సమాఖ్యలో చేరింది. మెనొనైట్లు, ఆంగ్లికన్లు, యునైటెడ్ చర్చి కూడా తర్వాత అక్కడ కాలేజీలు పెట్టుకున్నారు. అంటే ఏ లూథరన్ల ఆవరణలో ఆ విశ్వవిద్యాలయం పుట్టిందో ఆ లూథరన్లకు తప్ప ఈ చర్చిలన్నిటికీ దానిలో చోటు దొరికింది.

లూథరన్ బోర్డు తప్పు చేసిందా అన్నది వాటర్లూలో పాత చర్చ. ఆనాటి లెక్కలో చూస్తే ఆ భయం వట్టిది కాదు. సమాఖ్యలో చేరిన ఆర్ట్స్ కాలేజీ బలం అంతా ఇతరులు అదే పాఠం చెప్పకుండా ఉండటంలో ఉంది. ఆ మాట చట్టంలో రాసి ఉండకపోతే, ప్రభుత్వ డబ్బున్న పక్షం ఎప్పుడో ఒకప్పుడు సొంతంగా మొదలుపెడుతుంది.

సెమినరీ చార్టర్ మీద ఒక విశ్వవిద్యాలయం

విడిపోయాక అనుబంధంతో వెస్టర్న్ కింద కొనసాగడం కష్టం. అందుకని పాత సెమినరీ చార్టర్‌నే సవరించి, పేరు మార్చి, 1960లో వాటర్లూ లూథరన్ యూనివర్సిటీగా నిలబెట్టారు. ఈ వివరం మీద కాస్త ఆగాలి. చట్టం దృష్టిలో విశ్వవిద్యాలయం వేరే కొత్త సంస్థ కాదు. 1911లో నాటిన సంస్థే పెరిగి ఆ పేరు పెట్టుకుంది. లోపల పాస్టర్ల శిక్షణ ఒక విభాగంగా మిగిలింది. ఆ విభాగాన్నే వాడుకలో సెమినరీ అన్నారు. పేరు ఒకరికి, ఆస్తి ఇంకొకరికి పోయిన ఉమ్మడి కుటుంబం పంపకం లాంటిది ఇది.

1960లలో విద్యార్థులు పెరిగారు. సెమినరీకి ఇప్పుడున్న భవనం, కెఫర్ స్మారక ప్రార్థనాలయం ఆ దశకంలోవే. 1966లో సోషల్ వర్క్‌లో పైచదువుల విభాగం వచ్చింది. కానీ పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికి వచ్చే ప్రభుత్వ గ్రాంటుకు, చర్చి విశ్వవిద్యాలయానికి వచ్చేదానికి పోలికే లేదు. గ్రాంటు తక్కువైతే ఫీజు పెంచాలి, జీతం తగ్గించాలి, లేదా తరగతిలో ఎక్కువ మందిని కూర్చోబెట్టాలి. మైలు దూరంలో ఇంకో విశ్వవిద్యాలయం ఉన్నప్పుడు మొదటిదానికి విద్యార్థి, రెండోదానికి అధ్యాపకుడు లేచిపోతారు. మూడోదాన్ని ఎంతకాలం లాగగలరు? సినడ్ చందాలు విశ్వవిద్యాలయం ఖర్చులో రానురాను చిన్న భాగం అయ్యాయి. ఖర్చు భరించలేనివారి చేతిలో పెత్తనం ఎంతోకాలం నిలవదు.

1973 నవంబర్ 1న వాటర్లూ లూథరన్ యూనివర్సిటీ ప్రభుత్వ నిధులతో నడిచే విల్‌ఫ్రిడ్ లారియర్ యూనివర్సిటీ అయింది. లారియర్‌కు వాటర్లూతో గానీ లూథరన్లతో గానీ ప్రత్యేక బంధం లేదు. పేరులోని పొట్టి అక్షరాలు డబ్ల్యు.ఎల్.యు. మాత్రం అవే ఉండిపోయాయి. చొక్కాలు, జెండాలు, పాటలు మార్చే పని తప్పింది. ఇంత ఆదాగా పేరు మార్చుకున్న విశ్వవిద్యాలయం ఇంకోటి వెతకాలి.

సెమినరీ వాటర్లూ లూథరన్ సెమినరీ పేరుతో చర్చి చేతిలోనే ఉండి, లారియర్‌కు సమాఖ్య సంస్థ అయింది. అంతకుముందు కాలేజీ వద్దన్న ఆ సమాఖ్య పద్ధతిలోకే 1973లో సెమినరీ, వేరే విశ్వవిద్యాలయంతో, చేరింది. ఒట్టావాలో ఇలాంటి పనే 1965లో ఇంకో విధంగా జరిగింది. అక్కడ కాథలిక్ ఒబ్లేట్ గురువులు పాత చార్టర్‌ను తమ దగ్గరే సెయింట్ పాల్ యూనివర్సిటీ పేరుతో ఉంచుకుని, యూనివర్సిటీ ఆఫ్ ఒట్టావా అనే పేరును, ఆస్తులను కొత్త ప్రభుత్వ సంస్థకు అప్పగించారు. అక్కడ పాత చార్టర్ చర్చికి మిగిలింది. వాటర్లూలో పాత సంస్థ ప్రభుత్వానికి వెళ్లింది, చర్చికి కొత్త కాగితం వచ్చింది. అందుకే 1911ను తన పుట్టిన ఏడుగా లారియర్ కూడా చెప్పుకుంటుంది.

సమాఖ్య రోజువారీగా ఎలా నడుస్తుంది

సెమినరీకి సొంత పాలక మండలి, సొంత అధిపతి, సొంత నిధులు. పట్టా లారియర్‌ది. గ్రంథాలయం, రిజిస్ట్రారు లాంటి వసతులు పెద్ద సంస్థవి. వేదాంత ప్రమాణాలకు ఉత్తర అమెరికా వేదాంత పాఠశాలల సంఘం గుర్తింపు వేరుగా కావాలి. పాస్టరు కావాలంటే సినడ్ అంగీకారం ఇంకా వేరు. కాబట్టి ఒకే విద్యార్థి మీద మూడు చూపులు ఉంటాయి. విశ్వవిద్యాలయం మార్కులు చూస్తుంది, గుర్తింపు సంఘం కోర్సు ఆకృతి చూస్తుంది, సినడ్ మనిషిని చూస్తుంది. మార్కులు బాగా వచ్చినా పిలుపు రాని విద్యార్థులు ఉండేది ఇందుకే.

పాస్టర్ల డిగ్రీ మాస్టర్ ఆఫ్ డివినిటీ. మన బి.డి.కి (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) దగ్గరిది, కానీ సాధారణంగా ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాలి. పూర్తికాలం చదివితే మామూలుగా మూడేళ్లు. లూథరన్లు దీనికి సంఘంలో దాదాపు ఏడాది ఇంటర్న్‌షిప్ కలుపుతారు, అంటే నాలుగేళ్లు. ఆసుపత్రిలో రోగుల పక్కన కూర్చుని నేర్చుకునే శిక్షణ ఒక్కో యూనిట్ 400 గంటలు. ఇక్కడే చాలామంది తడబడతారు. గ్రీకు వ్యాకరణంలో ఫస్టు వచ్చినవాడు, చావు దగ్గరపడిన మనిషి మంచం పక్కన నోరు మూసుకుని వినడం రాక ఇబ్బందిపడతాడు. అమెరికా లూథరన్ చర్చి 1970లో స్త్రీల అభిషేకానికి ఒప్పుకున్నాక, అప్పుడు దానిలో భాగంగా ఉన్న కెనడా సంఘాలకూ ఆ తలుపు తెరుచుకుంది. కెనడా లూథరన్లు 1986లో తమ సొంత చర్చిగా ఏర్పడ్డారు.

మనకు ఈ పట్టా విషయంలో ఇంకో ఏర్పాటుంది. లూథర్‌గిరితో పాటు ఇతర చర్చిల వేదాంత పాఠశాలలు కలిసి 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ అయ్యాయి. 1970ల మొదట్లో అది హైదరాబాద్‌కు మారింది. పట్టా మాత్రం బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ సెనేటుది. డేనిష్ రాజు 1827లో ఇచ్చిన చార్టర్, 1918 నాటి బెంగాల్ చట్టం ఆ అధికారానికి ఆధారం. అంటే ఇక్కడ వేదాంతానికి వేదాంతపు సెనేటే దిక్కు. పక్కన ఉన్న విశ్వవిద్యాలయంతో పొత్తు లేదు. ఆ దూరం వల్ల చర్చికి స్వేచ్ఛ మిగిలింది. అదే దూరం వల్ల బి.డి. చేసిన అయ్యగారు ఆ పట్టాతో మామూలు విశ్వవిద్యాలయంలో పైచదువుకు పోవాలంటే అది చెల్లుతుందా లేదా అన్న తగువు ప్రతిసారీ మొదటికొస్తుంది. వాటర్లూ విద్యార్థికి ఆ తగువు లేదు, ఎందుకంటే పట్టా మీద పేరు ప్రభుత్వ విశ్వవిద్యాలయానిది.

సంఘాలు తగ్గాక

1970ల నుంచి కెనడా లూథరన్ సంఘాల్లో ఆదివారం వచ్చేవారు తగ్గుతూ వచ్చారు. సంఘాలు కలిసిపోతే పాస్టరు కొలువులు తగ్గుతాయి, కొలువులు తగ్గితే సెమినరీలో చేరేవారు తగ్గుతారు. ఫీజులు, చందాలు రెండూ ఒకేసారి పడిపోతాయి. ఉత్తర అమెరికాలో చాలా సెమినరీలు దీనితోనే భవనాలు అమ్ముకుని, ఇంకోదానిలో కలిసిపోయాయి.

వాటర్లూ సెమినరీ నిలబడటానికి కారణం ఎక్కువగా ఆసుపత్రి మంచం పక్కన జరిగే ఆ శిక్షణే. 1960ల నుంచే ఇక్కడ పాస్టరల్ కౌన్సెలింగ్, అంటే మనసు బాధల్లో ఉన్నవారికి మాటసాయం చేసే విద్య, బలంగా ఉండేది. సెమినరీ అధిపతిగా పనిచేసిన డెల్టన్ గ్లీబ్ పేరుతో కౌన్సెలింగ్ కేంద్రం కూడా నడిచింది. 2007లో ఒంటారియో సైకోథెరపీ చట్టం చేసింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆపైన రిజిస్టర్డ్ సైకోథెరపిస్ట్ అనే హోదా నియంత్రణ సంస్థలో నమోదైనవారికే. పూర్తి నమోదుకు గుర్తింపు ఉన్న చదువు, క్లయింట్లతో నేరుగా 450 గంటల పని, 100 గంటల పర్యవేక్షణ కావాలి. అధ్యాత్మ సంరక్షణ, సైకోథెరపీ పాఠాలు అప్పటికే చెబుతున్న సెమినరీకి ఇది కలిసొచ్చింది. పాస్టరు కావాలనే ఉద్దేశం లేనివారు, ముస్లింలు, బౌద్ధులు, ఏ మతమూ లేనివారు కూడా ఇక్కడ చేరే మార్గం పడింది. డిగ్రీ స్థాయిలో క్రైస్తవ అధ్యయనాలు, ప్రపంచ పౌరసత్వం అనే బి.ఎ. కోర్సు కూడా వచ్చింది. కెఫర్ ప్రార్థనాలయంలో సాధన చేసే గాయక బృందం పేరు ఇన్షాల్లా. 1911 నాటి సినడ్ పెద్దలు ఆ పేరు విని ఏమనేవారో!

2018లో పేరు మార్టిన్ లూథర్ యూనివర్సిటీ కాలేజ్ అయింది. సెమినరీ అనే మాట వింటే పాస్టర్లకే అనుకుని వెనక్కి పోయేవారు ఎక్కువయ్యారు. చేరేవారిలో చాలామంది పాస్టర్లు కాబోరు. 1914లో పాస్టర్ల కోసం పెట్టిన సన్నాహక బడిలో పాస్టరు కానివారు చేరడంతో మొదలైన పరిణామం, నూట నాలుగేళ్లకు సెమినరీ పేరు దాకా వచ్చింది.